ఇసుకలో పునాది: సర్ ఆర్థర్ కాటన్ జీవితం – మన మెకానిక్సు చదువు

కోనసీమ గడ్డ మీద పుట్టి పెరిగిన వారికి కాటన్ దొరగారిని పరిచయం చెయ్యవలసిన పని లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో తిరిగేవారికి ఆయన విగ్రహం ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటుంది. గోదావరిలో స్నానం చేసి సంకల్పం చెప్పుకునే పండితులు ఆయన్ని భగీరథుడితో పోల్చి ఒక శ్లోకమే కట్టుకున్నారు. పరాయి దేశం నుంచి వచ్చిన ఒక మిలటరీ ఇంజనీరుకు ఇంతటి గౌరవం దక్కడం చరిత్రలో అరుదనే చెప్పాలి.

అయితే మనం ఆయన్ని నీళ్ళిచ్చిన మహానుభావుడిగా తలుచుకుంటామే గాని, విద్యార్థిగా ఎప్పుడూ తలుచుకోము. ఇంజనీరింగ్ చదువుకునే మనకి కావలసింది ఆ రెండో కాటన్. ఆయన బలాల గురించీ, బరువుల గురించీ, నీటి తోపుడు గురించీ ఎక్కడ నేర్చుకున్నాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, నేర్చుకున్నది నిజమో కాదో ఎలా తేల్చుకున్నాడు అన్నది మన క్లాసు రూముకి పనికొచ్చే కథ.

ఎందుకంటారా? మిత్రులారా, మన సంగతి మనకి తెలియనిది కాదు. మొదటి సంవత్సరంలో ఇంజనీరింగ్ మెకానిక్సు అనగానే సగం మందికి గుండె దడ. పరీక్షకి నాలుగు రోజుల ముందు ఇంపార్టెంట్ ప్రశ్నలు ఏరుకోవడం, చేసి పెట్టిన లెక్కల్ని బట్టీ పట్టడం, ఏదో విధంగా గట్టెక్కడం. లెక్కలో అంకెలు మారిస్తే చెయ్యగలం. బొమ్మ మారిస్తే చెయ్యలేం. ఫ్రీ బాడీ డయాగ్రమ్ గియ్యమంటే బాణాలు గీస్తాం గాని, ఆ బాణం ఏ వస్తువు దేన్ని తోస్తే వచ్చిందో అడిగితే నీళ్ళు నములుతాం. ఇది తెలివి తక్కువై జరుగుతున్నది కాదు, నేర్చుకునే దారి తప్పడం వల్ల జరుగుతున్నది. ఆ దారి ఏమిటో కాటన్ జీవితంలో వెతుకుదాం.

బాల్యం, తొలి చదువు

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరం మే 15న ఇంగ్లండులో జన్మించాడు. తల్లిదండ్రులకు పదకొండుగురు సంతానం, ఇతడు పదవవాడు. 1818లో, పదిహేనేళ్ళ వయసులో, ఈస్టిండియా కంపెనీ వారు తమ సైన్యం కోసం ఆడిస్కాంబ్‌లో నడుపుతున్న మిలటరీ విద్యాలయంలో చేరాడు. మరుసటి ఏడాదికే మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. ఇప్పటి మన లెక్కలో ఇంకా ఇంటర్మీడియట్ వయసు అన్నమాట! 1820లో వేల్సు కొండల్లో సర్వే పని మీద పంపారు. గొలుసూ, కొలత పరికరాలూ పట్టుకుని కొండలెక్కి దిగడం ఆయన ఇంజనీరింగ్‌కు ఓనమాలు.

ఆ రోజుల్లో కంపెనీ ఇంజనీరు కుర్రవాళ్ళకి ఆడిస్కాంబ్ తరువాతి మెట్టు చాతం. అక్కడ చార్లెస్ పాస్లీ అనే అధికారి 1812 నుంచి ఒక ఇంజనీరింగ్ శిక్షణాలయం నడుపుతున్నాడు. వంతెనలు కట్టడం, మట్టి తవ్వడం, గోడలు లేపడం అన్నీ చేతులతో చేసి నేర్చుకోవలసిందే. అంతకన్న విశేషం ఒకటుంది. పాస్లీ తన సైనికులకి జామెట్రీ వంటివి నేర్పడానికి లెక్కల మాస్టర్ల కోసం ఎదురు చూడలేదు. నేర్చుకున్నవాడు పక్కవాడికి నేర్పే పద్ధతి పెట్టాడు. ఆ పద్ధతి డాక్టర్ బెల్, లాంకాస్టర్ అనే ఇద్దరి దగ్గరనుంచి తీసుకున్నాడు.

ఈ బెల్ గారికి ఆ ఊహ ఎక్కడ తట్టిందనుకుంటున్నారు? మన మద్రాసులోనే. 1789 తరువాత ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల బడికి పెద్దగా ఉన్నప్పుడు, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. దాన్ని తన బడిలో పెట్టి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకి చెప్పించాడు. అది మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండు చేరింది. ఇసుకలో అక్షరాలు దిద్దే మన బడి సంప్రదాయం సముద్రాలు దాటి ఇంజనీర్ల శిక్షణాలయంలోకి వెళ్ళిందన్నమాట. 1821లో ఇండియాకి బయలుదేరిన కాటన్‌కి మాత్రం అసలు పాఠం మళ్ళీ ఇసుకలోనే రాసిపెట్టి ఉంది.

కావేరి ఒడ్డున దొరికిన గురువులు

ఇండియాకు వచ్చిన కొత్తలో ఆయన దక్షిణాది చెరువుల శాఖలో పనిచేశాడు. 1824లో మొదలైన బర్మా యుద్ధానికి వెళ్ళి వచ్చాడు. 1828 నుంచి కావేరి పనులు ఆయన చేతికొచ్చాయి. తిరుచిరాపల్లి ఎగువన కావేరి రెండు పాయలవుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం. అది పల్లం, వాలు ఎక్కువ. నీళ్ళన్నీ అటే పోయి, తంజావూరును తడపవలసిన కావేరి పాయ ఇసుక మేటలు వేసి ఎండిపోతున్నది. కొల్లిడానికి అడ్డుకట్ట వెయ్యాలి. కాని అడుగున రాయి తగలదు. ఎంత తవ్వినా ఇసుకే. ఇసుక మీద బరువైన కట్టడం ఎలా నిలుస్తుంది?

ఆడిస్కాంబ్ పుస్తకాలలో దీనికి సమాధానం లేదు. సమాధానం ఆ నదిలోనే ఉంది. అక్కడికి కాస్త దిగువన కరికాల చోళుడు కట్టించినదని ప్రసిద్ధికెక్కిన కల్లణై ఉంది. పదిహేను వందల ఏళ్ళు దాటినా నిలబడి ఉన్న ఆనకట్ట. కాటన్ దాన్ని పరిశీలించి ఆశ్చర్యపోయాడు. దాని మూలం చాలా తేలిక. పెద్ద పెద్ద రాళ్ళు ఇసుకలో వెయ్యాలి. వరదకి రాయి కింద ఇసుక కోసుకుపోయి రాయి దిగుతుంది. మళ్ళీ రాళ్ళు వెయ్యాలి. అవీ దిగుతాయి. అలా దిగగా దిగగా, ఇక కోత చేరలేని లోతుకు వెళ్ళాక రాయి కదలడం మానేస్తుంది. ఆ పైన కట్టడం లేపుకోవచ్చు. ఇసుకని జయించడం కాదు, ఇసుక ఎక్కడ సమాధానపడుతుందో అక్కడిదాకా ఓపిక పట్టడం.

ఈ విద్య పేరూ ఊరూ తెలియని పాతకాలపు దేశీయ పనివారి దగ్గర నేర్చుకున్నానని కాటన్ తరువాత రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. పాలకుల జాతివాడై ఉండి, ఆ మాట దాచకుండా చెప్పడం గొప్ప సంగతే. మనం గమనించవలసింది మరొకటి. ఆయన కల్లణైని చూసి నమస్కారం పెట్టి ఊరుకోలేదు. అది ఎందుకు నిలిచింది అని ప్రశ్న వేసుకున్నాడు. జవాబు దొరికాక అదే సూత్రం మీద 1836లో కొల్లిడానికి రెండు ఆనకట్టలు కట్టి చూశాడు. వాటి ఫలితంగా కావేరి పాయ కోలుకోవడమే గాక, కొన్నాళ్ళకి నీటి వడి ఎక్కువై అడుగు కోసుకోవడం మొదలుపెట్టింది. దాన్ని అదుపు చెయ్యడానికి ఆ పాయ మొదట్లో అడుగుగోడ కట్టవలసి వచ్చింది. నదిలో ఒకచోట బలం మారిస్తే ఇంకోచోట సర్దుబాటు జరిగి తీరుతుంది అన్న పాఠం అలా తెలిసింది.

అదే ప్రాంతంలో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రాయి తరలించడానికి వేసిన రైలుదారిలో కూడా ఆయనకు పాత్ర ఉంది. 1837లో నడిచిన ఆ దారి మన దేశంలో మొట్టమొదటి రైలుదారిగా పేరు పొందింది. రోడ్డు మీద బండి లాగడానికీ, పట్టాల మీద బండి లాగడానికీ ఎంత తేడా ఉంటుందో అక్కడ కళ్ళారా చూశాడు. పదేళ్ళ తరువాత ధవళేశ్వరం కొండరాయి నదిలోకి చేరవెయ్యడానికి ఆ అనుభవమే అక్కరకొచ్చింది.

ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా ప్రాంతానికి వెళ్ళిన కాటన్ 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడాడు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో వేశారు. అక్కడ సముద్రం ఒడ్డును కోసేస్తున్నది. ఒడ్డునుంచి లోపలికి రాళ్ళ కట్టలు వేయించి కోతను అడ్డుకున్నాడు. చూశారా, మళ్ళీ అదే పాఠం: ఇసుక, రాయి, కదిలే నీరు.

గోదావరి కష్టకాలం

ఆ నాటి గోదావరి జిల్లా ఇప్పటి కోనసీమ కాదు. 1833 కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. 1839లో తుపాను ఉప్పెన కోరంగి ప్రాంతాన్ని ముంచేసింది. 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది. పక్కనే జీవనది సముద్రంలో కలిసిపోతుంటే గట్టున మనుషులు ఆకలితో చచ్చిపోయారు. జిల్లా పరిస్థితి విచారించిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో ఇచ్చిన నివేదిక ప్రకారం కాటన్‌ను పరిశీలనకు పంపారు. ఆయన 1844లోనూ 1845లోనూ నివేదికలు ఇచ్చాడు. 1846 డిసెంబరులో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది. 1852 మార్చి నాటికి పూర్తయింది.

ధవళేశ్వరం దగ్గర లంకలతో కలిపి నది వెడల్పు సుమారు నాలుగు మైళ్ళు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీదా కలిపి రాతికట్టడం పొడవు రెండుంబావు మైళ్ళ దాకా వచ్చింది. ఎత్తు మాత్రం పన్నెండు అడుగులే. అంచనా అయిదు లక్షల రూపాయల లోపు. అయ్యేసరికి ఖర్చు దానికి మూడింతల దాకా పోయింది. అడిగిన సిబ్బందిలో చాలా కొద్దిమందినే ఇచ్చారు. వచ్చినవారిలో పని నేర్పుకోవలసిన కుర్రవాళ్ళే ఎక్కువ. అంటే ఆనకట్ట పని ఒక పక్క, ఇంజనీరింగ్ బడి ఇంకో పక్క, రెండూ ఒకేచోట నడిచాయి. వేల మంది కూలీలు, వందల మంది వడ్రంగులు, కమ్మర్లు పనిచేశారు. వాళ్ళని కూడగట్టి నడిపించిన వీణెం వీరన్న గారు మన ప్రాంతం మనిషి. పనిలోనే పని నేర్చుకుని సబ్ ఇంజనీరు స్థాయికి ఎదిగి, రాయబహదూర్ బిరుదు పొందారు. కాటన్ పేరు చెప్పుకునేటప్పుడు వీరన్న గారి పేరు కూడా చెప్పుకోవడం న్యాయం.

ఆనకట్టలో ఉన్న మెకానిక్సు

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూద్దాం. పన్నెండు అడుగుల ఎత్తున నీరు నిలిస్తే గోడను ఎంత బలంతో తోస్తుంది? ఘనపుటడుగు నీరు 62.4 పౌన్లు. ఎత్తు వర్గాన్ని దానితో గుణించి సగం చేస్తే, ఒక్కో అడుగు పొడవుకి దాదాపు 4,500 పౌన్లు, అంటే రెండు టన్నులు. ఎత్తు రెట్టింపు చేస్తే తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ తోపుడు గోడను జరపాలని చూస్తుంది, పడదొయ్యాలనీ చూస్తుంది. కాటన్ గోడ ఎత్తు పెంచకుండా అడుగు వెడల్పు పెంచాడు. ఇసుకలో బావులు దింపి వాటి మీద గోడలు లేపి, మధ్యన ఇసుకే నింపి, పైన రాతికట్టడం కప్పి, దిగువన చాలా దూరం రాళ్ళు పరిపించాడు.

మరి వరద వచ్చినప్పుడు ఏమవుతుంది? చాలామంది విద్యార్థులు వెంటనే చెప్పే జవాబు, నీళ్ళు ఎంత ఎక్కువైతే ఆనకట్టకి అంత ప్రమాదం అని. నిజానికి పెద్ద వరదలో దిగువ మట్టం కూడా లేస్తుంది. రెండు పక్కలా నీరే కాబట్టి తోపుళ్ళలో తేడా తగ్గిపోతుంది. అప్పటి ప్రమాదం తోపుడు వల్ల కాదు, నీటి వడికి దిగువ అడుగు కోసుకుపోవడం వల్ల. వరద తీసి, దిగువన ఎండిపోయి, ఎగువన మాత్రం నిండుగా ఉన్నప్పుడు ఇంకో రకం ప్రమాదం. నీరు ఇసుకలోంచి కట్టడం కిందుగా దారి చేసుకుని అవతల ఊరుతుంది. ఆ ఊట బలంగా ఉంటే ఇసుక రేణువులు లేచిపోయి పునాది గుల్లవుతుంది. అడుగు వెడల్పు ఎంత ఎక్కువైతే ఆ నీటికి దారి అంత పొడుగు, బలం అంత తక్కువ.

ఇప్పుడు సంవత్సరాలు చూడండి. ఇసుకలో నీరు ఊరే వేగానికి డార్సీ సూత్రం వెలువడింది 1856లో. ర్యాంకిన్ గారి అప్లైడ్ మెకానిక్స్ గ్రంథం 1858లో. ఇసుక మీది ఆనకట్టలకు బ్లై లెక్క 1910లో. టెర్జాగి మృత్తికా మెకానిక్సు గ్రంథం 1925లో. ఆనకట్టల కింద ఊట మీద ఖోస్లా సిద్ధాంతం 1936లో. మన ఆనకట్ట 1852కే పూర్తయింది. పుస్తకాలు వచ్చే సరికి అది నీళ్ళిస్తూ ఉంది. దీన్నిబట్టి పుస్తకాలు అక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు. ఆ సూత్రాలు లేకపోవడం వల్ల కూలిపోయిన కట్టడాలు కూడా ఉన్నాయి. 1898లో గంగ మీద నరోరా ఆనకట్ట కింద ఊట వల్లే దెబ్బతింది. మనం పట్టుకోవలసిన సంగతి ఏమిటంటే, కంటితో చూసిన అనుభవం ముందు, దాన్ని బిగించే సూత్రం తరువాత. మన క్లాసులో ఇది తిరగబడింది. సూత్రం ముందు వస్తుంది, అనుభవం అసలు రానే రాదు.

గన్నవరం అక్విడక్టు

ఇక మన ఇంటి ముంగిటికి వద్దాం. ఆనకట్ట పూర్తయ్యే వేళకి రాజోలు వైపు నగరం లంకకు నీరెలా అన్న సమస్య వచ్చింది. మధ్యలో వైనతేయ పాయ అడ్డం. పి. గన్నవరం దగ్గర పాయ మీదుగా కాలవనే దాటించాలని నిర్ణయించారు. కాటన్ కింద పనిచేస్తున్న లెఫ్టినెంట్ హేగ్ అనే యువకుడి చేతికి ఆ పని అప్పజెప్పారు. 1853 నాటికి అది నిలబడింది. నలభై అడుగుల కమానులు 49. మొత్తం పొడవు 2,248 అడుగులు.

ఈ మూడు అంకెలతోనే ఒక గంట మెకానిక్సు క్లాసు నడపవచ్చు. 49ని 40తో గుణిస్తే 1,960 అడుగులు. మిగిలింది 288 అడుగులు. కమానుల మధ్య స్తంభాలు 48. అంటే స్తంభానికి ఆరడుగులు. నలభై అడుగుల కమానుకి ఆరడుగుల స్తంభం! కమాను కిందికి బరువు దింపడమే కాదు, పక్కలకి కూడా తోస్తుంది. స్తంభానికి అటు కమాను ఇటు తోస్తే, ఇటు కమాను అటు తోస్తుంది. రెండూ సరిపోయి స్తంభానికి నిలువు బరువు మాత్రమే మిగులుతుంది. అందుకే సన్నని స్తంభం చాలింది. మరి చివరి కమాను తోపుడును ఎవరు ఆపాలి? గట్టున ఉన్న బరువైన కట్టడం. ఒక్క కమాను తీసేశామనుకోండి, పక్క స్తంభం సంగతేమిటి? ఈ ప్రశ్నలు వేసుకుంటే సమతూకం అంటే ఏమిటో ఒంటికి పడుతుంది.

ఇంకో ప్రశ్న. అక్విడక్టు మీది కాలవలోకి సరుకుతో నిండిన పడవ వచ్చిందనుకుందాం. కమానుల మీద బరువు పెరుగుతుందా? పెరుగుతుందనే ఎక్కువమంది అంటారు. నిజానికి పడవ తన బరువుకు సరిసమానమైన నీటిని పక్కకి నెడుతుంది. ఆ నీరు కాలవ పొడుగునా సర్దుకుపోతుంది. నీటి మట్టం మారనంతవరకు పడవ ఉన్నా లేకపోయినా కమానులు మోసే బరువు ఒక్కటే. ఆర్కిమిడీస్ సూత్రం అందరికీ వచ్చు. అది గన్నవరంలో పనిచేస్తుందని మాత్రం తోచదు. లోపం ఇక్కడే ఉంది.

నూటడెబ్బై ఏళ్ళకు పూర్వం రూర్కీలో ఏం చేశారో గుర్తు చేసుకుందాం. గంగా కాలవ పనులకు మనుషుల్ని తయారుచెయ్యడానికి 1847లో, సరిగ్గా ధవళేశ్వరంలో పని మొదలైన ఏడే, అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. పక్కనే సోలాని అక్విడక్టు లేస్తుంటే విద్యార్థులకి అదే పాఠశాల. మద్రాసులో 1794లో పుట్టిన సర్వే బడి ఎదిగి 1859లో సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. మన జిల్లాల వారికి కాకినాడలో 1946 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. రూర్కీ వారికి ఒక్క అక్విడక్టే. మనకి ఆనకట్ట స్థలం, అక్విడక్టు, లాకులు, కాలవలు అన్నీ బస్సు దూరంలో ఉన్నాయి.

ఆఖరి రోజులు

కాటన్ 1860 ప్రాంతంలో ఇండియా వదిలి ఇంగ్లండు చేరాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. అక్కడితో అన్నీ జయాలే అనుకోకూడదు. దేశమంతా కాలవలతో, పడవలతో కలపాలని ఆయన పట్టుబట్టాడు. రైళ్ళకి ఖర్చుపెట్టే డబ్బు కాలవలకి పెట్టమని వాదించాడు. ఆయన సూచనల మీద తవ్విన కర్నూలు – కడప కాలవ అంచనాలను మించిపోయి, నల్లరేగడి రైతులు ఆశించినంతగా నీరు తీసుకోక కంపెనీకి నష్టం తెచ్చింది. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని తీసుకోవలసి వచ్చింది. 1878లో పార్లమెంటు సంఘం ముందు డెబ్బై అయిదేళ్ళ వయసులో ఆయన గట్టి విమర్శలు ఎదుర్కొన్నాడు. నీటి తోపుడు అన్ని నదులకీ ఒకటే గాని, నేలా, రైతు అవసరమూ అన్నిచోట్లా ఒకటి కావు. గోదావరిలో కుదిరిన లెక్క తుంగభద్ర దగ్గర కుదరలేదు. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడేముందు మళ్ళీ కొలిచి చూసుకోవాలన్న సంగతి ఆయన జయాలు ఎంత చెబుతాయో, ఈ అపజయమూ అంతే చెబుతుంది.

ఆ ముసలితనంలో కూడా ఆయన విద్యార్థిగానే ఉన్నాడు. డోర్కింగ్‌లో తన ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించి, దిగుబడి ఎంత పెరుగుతుందో కొలిచి చూసేవాడు. 1899 జూలైలో, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశాడు. కూతురు లేడీ హోప్ 1900లో ఆయన జీవిత చరిత్ర ప్రకటించింది. ధవళేశ్వరం ఆనకట్ట ఆ తరువాత కూడా ఎనభై ఏళ్ళు సేవచేసింది. 1970లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. గోదావరి డెల్టా కింద ఇప్పుడు సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. గన్నవరంలో పాత అక్విడక్టు పక్కన తరువాత కట్టిన దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం.

మనం చెయ్యవలసినది

కాటన్ నేర్చుకున్న తీరులో నాలుగు మెట్లు కనబడతాయి. ముందు ప్రశ్న వేసుకోవడం. తరువాత వస్తువు దగ్గరికి వెళ్ళి చూడడం. పనిచేసే చేతుల్ని అడగడం. ఆఖరున లెక్క కట్టి, కట్టి చూసి, తప్పొస్తే దిద్దుకోవడం. ఇది పాతకాలపు మాట అని కొట్టెయ్యనక్కర్లేదు. 1992లో హెస్టెనిస్, ఆయన సహచరులు అమెరికాలో బలం అనే ఊహ మీద ఒక చిన్న ప్రశ్నపత్రం తయారుచేశారు. లెక్కలు బాగా చేసే విద్యార్థులు కూడా అందులో తేలిక ప్రశ్నల దగ్గర తడబడుతున్నారని తేలింది. 1998లో హేక్ అనే ఆచార్యుడు ఆరువేల అయిదువందల మందికి పైగా విద్యార్థుల ఫలితాలు పోల్చి చూశాడు. మాస్టారు చెబుతుంటే విని రాసుకునే క్లాసుల కన్న, విద్యార్థులు ముందు తమ జవాబు చెప్పి, పక్కవాడితో వాదించి, చేసి చూసే క్లాసుల్లో లాభం దాదాపు రెండింతలు కనబడింది. పక్కవాడికి చెప్పి నేర్చుకోవడం – మన వీధిబడి సంగతే కదా, తిరిగి తిరిగి ఇల్లు చేరింది!

దీనికి పెద్ద గ్రాంట్లు అక్కర్లేదు. స్టాటిక్స్ మొదలుపెట్టిన నెలలోనే ఒక ఆదివారం గన్నవరం వెళ్ళవచ్చు. బయలుదేరే ముందు పడవ ప్రశ్నకీ, కమాను ప్రశ్నకీ ప్రతివాడూ తన జవాబు కాగితం మీద రాసి ఉంచుకోవాలి. అక్కడ టేపు పెట్టి కొలవాలి. తిరిగొచ్చి వాదించుకోవాలి. లాకు తలుపులు ఎగువకి ముక్కు పెట్టి ఎందుకు మూసుకుంటాయో, నీరు ఎంత తోస్తే అంత బిగుసుకోవడం ఏమిటో అక్కడి లస్కరునే అడగాలి. కాలవ గట్టు మీద నుంచి తాడుతో పడవ లాగిన రోజులు గుర్తున్న పెద్దవాళ్ళని, లాగుతుంటే పడవ గట్టుకి ఎందుకు గుద్దుకోదో అడగాలి. బలాన్ని రెండు దిక్కులుగా విడగొట్టడం, చుక్కాని పని, రెండూ ఆ జవాబులోనే ఉన్నాయి. రేవులో పంటు మీద లారీ ఎక్కేటప్పుడు పంటు ఎటు ఒరుగుతుందో చూడాలి. కొబ్బరి దింపు కార్మికుడు కాళ్ళకి తాడు ఎందుకు వేసుకుంటాడో ఆలోచిస్తే, ఘర్షణ అధ్యాయం సగం పూర్తయినట్టే. ఇవన్నీ చూసొచ్చాక తిమొషెంకో పుస్తకం తెరిస్తే, అందులో బొమ్మలు మనకి తెలిసిన మొహాల్లా కనబడతాయి.

సిలబస్ ఎక్కడ పూర్తవుతుంది, టైము ఎక్కడుంది అని అడిగేవారుంటారు. వారి ఇబ్బంది నిజమే. సెమిస్టరు గడువులో అధ్యాపకులకి ఊపిరాడదు. అయినా నాలుగు అధ్యాయాలు పరుగెత్తి చెప్పి పరీక్ష మర్నాడే మరిచిపోయే కన్న, ఒక అధ్యాయం ఎన్నటికీ మరవకుండా నేర్చుకుంటే మిగతా మూడూ తేలికవుతాయి. రాయి ఇసుకలో దిగినట్టే చదువు కూడా. తొందరపడి పైన కట్టేస్తే మొదటి వరదకే పోతుంది. దిగవలసినంత దిగనిస్తే దాని మీద ఎంత బరువైనా పెట్టుకోవచ్చు.

కాటన్ దొర విగ్రహానికి ఏటా దండలు వేస్తున్నాం, మంచిదే. ఆయన కట్టినదాని దగ్గరికి ఒక టేపు, ఒక నోటుబుక్కు, ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళే రోజున ఆయనకు మనం నిజమైన వారసులం అవుతాం. రేపు మన చేతుల మీదుగా లేచే వంతెనల కింద నడవబోయే మనుషుల ప్రాణాలు, ఈ సంవత్సరం మనం మెకానిక్సు ఎలా నేర్చుకున్నామన్న దాని మీదే ఆధారపడి ఉన్నాయని మరువకుందాం.